వాలంటీర్ల ఎక్సెల్ షీట్ గారికి

మహారాజశ్రీ ‘వాలంటీర్ల లిస్ట్ ఫైనల్ 2 అసలైనది’ గారికి నమస్కారాలు.

ఈ మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. ఆదివారం శిబిరానికి ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు కావాలని తమరిలో ఫిల్టర్ పెడితే పేర్లు టకటకా వచ్చేశాయి. మురిసిపోయి ఫోన్లు మొదలుపెట్టాను. ‘అమ్మా, బాగున్నారా’ అంటే అవతల ఎవరో పెద్దాయన దగ్గారు. ఇంకొకతను, తాను ఫొటోలు తీస్తాడట, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయట. మరొకావిడ, మేము తనని పరాయి పేరుతో పిలవడం ఇది మొదటిసారి కాదని చాలా మర్యాదగా చెప్పారు.

అప్పుడు వెలిగింది. ఎవరో పుణ్యాత్ములు పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి అక్షర క్రమంలోకి సార్ట్ కొట్టారు. పేర్లు కదిలాయి. ఫోన్ నంబర్లు, బ్లడ్ గ్రూపులు, శిక్షణ వివరాలు, పనిచేసిన గంటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. తమరు హెచ్చరించలేదని అనను. పక్క కాలమ్‌లను కూడా కలపమంటారా అని చిన్న పెట్టె ఒకటి చూపిస్తారు. ఆ పెట్టెను చదివి నొక్కినవాళ్లు భూమ్మీద ఎవరైనా ఉన్నారా? పైగా సేవ్ చేశారు. ఆ మీదట నెలల తరబడి కొత్తవాళ్లను చేర్చుకుంటూ పోయారు. ఇక పాత కాపీ దొరికినా సగమే పనికొస్తుంది.

తమరి మిగతా లీలలు మాకు అలవాటే. 12 అంకెల నంబరు వేస్తే మధ్యలో చుక్క, చివర్లో ‘E+11’ పెట్టి చూపిస్తారు. ఖాళీ సమయం 9-12 అని రాస్తే తేదీ చేసేస్తారు. అంతెందుకు, తమరు జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంటే తట్టుకోలేక 2020లో శాస్త్రవేత్తలు కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఇక మేమెంత! పసుపు రంగు వేసిన వరుసలకు అర్థమేమిటో వేసినావిడకే తెలుసు, ఆవిడ మానేశారు. ఇంటిపేరు ముందొకసారి, వెనకొకసారి రాయడంతో ఒకే మనిషి ఇద్దరయ్యాడు. దాత సంస్థకు పంపే రిపోర్టులో ఆ ఇద్దరినీ లెక్కపెట్టాం కూడా.

అవన్నీ సరే. సాయంత్రం ఒక అమ్మాయి సర్టిఫికెట్ కోసం వచ్చింది. ఏడాదంతా సెలవు రోజుల్లో వచ్చి పిల్లలకు చదువు చెప్పింది. ఆమె పేరు ఎదురుగా 2 గంటలు. ఫారం నింపిన రోజు టీ తాగి మళ్లీ కనిపించని మహానుభావుడికి 140. ఆ అమ్మాయికి ఏం చెప్పమంటావు? జీతం లేదు, బస్సు ఖర్చులు లేవు, చేసిన పనికి ఒక లెక్కైనా ఉంటుందనుకుంది. అదీ మింగేశావు. పైగా నెలకోసారి వాట్సాప్ గ్రూపులో ఊరేగుతూ అందరి నంబర్లూ అందరికీ పంచిపెడతావు, అవీ తప్పు నంబర్లే!

సోమవారం నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ‘మీరు ఎవరండీ?’ అని అడగబోతున్నాం. పాత సంతకాల రిజిస్టర్లు కూడా అటక మీంచి దించుతున్నాం. వాటిలో చేతిరాత అర్థం కాకపోయినా, పేరొకరిదీ గంటలొకరివీ కావు.

ఇట్లు,
తమరిలో రెండు చోట్ల ఉన్న, రెండు చోట్లా వేరొకరి నంబరుతో ఉన్న ఒక వాలంటీరు