తొలి గిరాకీ ప్రభుత్వమే కావాలి

పరిశోధనశాలలో చక్కగా పనిచేసిన పరికరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా ఎందుకు రావడం లేదు? డబ్బు లేక అన్నది సగమే నిజం. ఆలోచనను నిరూపించుకోవడానికి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సంస్థ ‘బైరాక్’ నడిపే బిగ్ పథకం 18 నెలలకు 50 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తోంది. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ నుంచి గ్రాంటుగా 20 లక్షల దాకా వస్తుంది. లక్ష కోట్ల రూపాయలతో పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల నిధికి కేంద్ర మంత్రివర్గం 2025 జులైలో ఆమోదం తెలిపింది. అయితే అది గ్రాంటు కాదు. దీర్ఘకాలిక రుణం లేదా వాటా పెట్టుబడి. అప్పు తీరాలంటే సరకు అమ్ముడుపోవాలి. చిక్కంతా అక్కడే ఉంది.

రోగి మంచం పక్కన పెట్టే మానిటర్‌నే తీసుకుందాం. నమూనాకు పైపెట్టె త్రీడీ ప్రింటర్‌పై ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. వేల సంఖ్యలో కావాలంటే కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపే ఉక్కు అచ్చు (ఇంజెక్షన్ మౌల్డింగ్) చేయించాలి. దానికి లక్షల రూపాయలు, వారాల సమయం పడతాయి. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది. గోడల మందం అంతటా ఒకేలా లేకుంటే గుంటలు పడి, మూత వంకరపోతుంది. అచ్చు ఉక్కును ఇంకాస్త చెక్కడం సులువే, చెక్కేసిన చోట తిరిగి నింపడమే కష్టం. తర్వాత చెక్కుకోవడానికి కాస్త ఉక్కును ముందే మిగల్చని సంస్థ అచ్చు ఖర్చు రెండుసార్లు భరిస్తుంది.

ఆ పైన ఐఈసీ 60601 పరీక్షలు. వైద్య పరికరాల విద్యుత్ భద్రతకు, విద్యుదయస్కాంత అంతరాయానికి ఇవి అంతర్జాతీయ ప్రమాణాలు. ల్యాబ్ బల్ల మీద బాగా నడిచిన సర్క్యూట్ తరచూ ఇక్కడే తప్పుతుంది. స్విచింగ్ పవర్ సప్లై రొద, యాంటెనాలా మారే పొడవాటి సెన్సర్ తీగ, సర్క్యూట్ బోర్డులో కరెంటు తిరిగివెళ్లే రాగి పొర (గ్రౌండ్) ముక్కలైపోవడం... ఇవే కారణాలు. బోర్డు మళ్లీ గీయాలి, పరీక్ష ఫీజు మళ్లీ కట్టాలి. ఈలోగా గ్రాంటు గడువు ముగుస్తుంది. ఇంజినీర్ల జీతాలు మాత్రం ఆగవు. వైద్య పరికరాల తయారీ పార్కు అయిన విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో ఇలాంటి పరీక్షలకు ల్యాబులు ఉండటం మనకు పెద్ద అండ. అక్కడికి చివర్లో కాదు, తొలి బోర్డు చేతికి రాగానే వెళ్లాలి. ముందస్తు పరీక్షకు, రెండో విడత అచ్చుకు గ్రాంటులోనే విడి పద్దు పెట్టాలని ఈ పత్రిక కోరుతోంది.

ఉత్పత్తి దశలో అందిన ఊతం ఎంత పనిచేస్తుందో హైదరాబాద్‌కు తెలుసు. శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా 1997లో మార్కెట్లోకి వచ్చింది. దాని వాణిజ్య ఉత్పత్తికి కేంద్ర ప్రభుత్వ టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు సాయం తోడైంది.

ఇన్ని గండాలు దాటిన సంస్థ టెండరు ముందు నిలబడితే మూడేళ్ల టర్నోవరు, గత సరఫరా అనుభవం అడుగుతారు. అంకుర సంస్థలకు వీటిని సడలించ‘వచ్చు’ అని కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమాలు చెబుతున్నాయి. సడలించాలి అనడం లేదు. రేపు ఆడిట్ అభ్యంతరానికి జవాబు చెప్పాల్సిన అధికారి పాత షరతునే పట్టుకుంటాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, ఆ ‘వచ్చు’ను మార్చాలి. అమెరికా 1982లో తెచ్చిన చిన్న వ్యాపారాల ఆవిష్కరణ చట్టంలో ఈ ముడికి విరుగుడు ఉంది. పెద్ద పరిశోధన బడ్జెట్లున్న ప్రభుత్వ సంస్థలు బయటి పరిశోధనకిచ్చే సొమ్ములో కొంత వాటాను చిన్న కంపెనీలకు కేటాయించాలని అది నిర్దేశించింది; 2017 నాటికి ఆ వాటా 3.2 శాతానికి చేరింది. మొదటి రెండు దశల్లో పోటీపడి నెగ్గిన కంపెనీకి మూడో దశలో మళ్లీ పోటీ పెట్టకుండానే కొనుగోలు ఒప్పందం ఇవ్వవచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రులకు పరికరాలు కొనే తెలుగు రాష్ట్రాల వైద్య సదుపాయాల సంస్థలు ఈ పని చిన్నగానైనా మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వ గ్రాంటుతో తయారై, పరీక్షలు నెగ్గి, లైసెన్సు పొందిన పరికరాలను తొలుత యాభై కొని, పది ఆసుపత్రుల్లో ఆరు నెలలు వాడి చూడాలి. చెడిపోయిన ప్రతిసారీ కారణం రాసి తయారీదారుకు పంపాలి. ఎంఎస్‌ఎంఈ చట్టం చెప్పిన 45 రోజుల్లోపు బిల్లు చెల్లించాలి.