నల్ల చందువాకీ తెల్ల చందువాకీ దగ్గర చుట్టరికం లేదు
చేపల చుట్టరికాల మీద మీరు పెట్టిన పోస్టులో వంజరం, తెల్ల చందువా, సావళ్లు ఒకే గుంపు చేపలని రాశారు, అది ఒప్పుకుంటానండి, 2013లో డీఎన్‌ఏ చూసి ఇలాంటి 15 కుటుంబాలకి మూలం ఒకటేనని తేల్చారు కదా, డైనోసార్లు పోయాక లోతు నీళ్ళలోంచి పైకొచ్చి తలో ఆకారం తీసుకున్నాయంట. రిబ్బన్‌లా ఉండే సావళ్ళకీ పళ్ళెంలా ఉండే చందువాకీ చుట్టరికం ఏంటో నాకింకా మింగుడు పడట్లేదు, అది వేరే సంగతి. కానీ చేపలోళ్ళు రూపం చూసే పేర్లు పెడతారు, వాళ్ళకి జాతులు తెలీవు అన్న ముక్క మాత్రం తప్పు. నల్ల చందువా అసలు చందువానే కాదు, అది పార చేపల (ట్రెవల్లీ) కుటుంబంలోది. ఈ మాట అంతర్వేది పల్లిపాలెంలో మా నాయనమ్మ ఏ ల్యాబూ లేకుండా చెప్పేది, తోక మొదట్లో వేలు పెట్టి రుద్దమనేది, నల్లదానికి పారకి ఉన్నట్టే గరుగ్గా తగుల్తుంది, తెల్లదానికి నున్నగా ఉంటుంది. పేరులో చందువా ఉందని నల్లదానికి తెల్లదాని రేటు చెప్తే ఆవిడ బుట్ట దించనిచ్చేది కాదు. పులస సంగతి రాయనే లేదు మీరు, అది వీటన్నిటికీ దూరం, కవ్వళ్ళ (సార్డిన్ చేపల) వైపు చుట్టం.