రెండు బొమ్మల మధ్య ఖాళీ ఎవరిది?

కామిక్స్ కళ అవునా కాదా అన్న చర్చ ఫ్రాన్సులో ఎప్పుడో ముగిసింది. అక్కడ దాన్ని తొమ్మిదో కళగా లెక్కిస్తారు. అంగులేమ్ పట్టణంలో 1974 నుంచి దాని కోసమే ఉత్సవం జరుగుతోంది. యూదుల ఊచకోత మీద ఆర్ట్ స్పీగెల్‌మన్ గీసిన 'మౌస్'కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం దక్కింది. మన దగ్గర మాత్రం ఆ మాట ఎత్తగానే "పిల్లల బొమ్మల పుస్తకాలేగా" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. హైదరాబాద్‌లో కామిక్స్ అభిమానుల వేడుక కామిక్ కాన్ జరిగినప్పుడు వేషాలు వేసుకొచ్చిన యువతీ యువకుల ఫోటోలు పత్రికల్లో వస్తాయి. అక్కడ అమ్మిన పుస్తకాల గురించి రాసేవారు అరుదు. ఈ చిన్నచూపు వల్ల నష్టపోతున్నది పిల్లలు మాత్రమే కాదు, ఓటు వేసే పెద్దలు కూడా. ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ఒక విద్యార్థిని రాసిన స్పందన గురించి చెప్పాలి.

నగరంలో జర్నలిజం పీజీ విద్యార్థులకు నేను అప్పుడప్పుడు పాఠాలు చెబుతుంటాను. బొమ్మల ద్వారా కథ చెప్పడం మీద ఏదైనా ఒక పుస్తకం చదివి స్పందన రాసుకురమ్మంటే, ఆమె అమెరికన్ కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ప్రచురించిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'ను ఎంచుకుంది. అది సిద్ధాంత గ్రంథమే అయినా మొదటి నుంచి చివరి దాకా కామిక్స్ రూపంలోనే ఉంటుంది. రచయితే ఒక బొమ్మగా మారి పాఠకుడితో మాట్లాడుతుంటాడు. ఇలాంటి పుస్తకాన్ని ఉటంకిస్తే మార్కులు వేస్తారా అన్నది ఆమె రాసిన మొదటి వాక్యం. పదిహేనేళ్లకు పైగా సాగిన చదువు ఆమెకు నేర్పిన భయమది.

తర్వాత ఒక పేజీ దగ్గర ఆమె ఆగిపోయింది. అక్కడ మెక్‌క్లౌడ్ రెండు గడులు చూపిస్తాడు. మొదటి గడిలో ఒకడు గొడ్డలి ఎత్తి మరొకడి మీదికి వస్తుంటాడు. రెండో గడిలో రాత్రివేళ నగరం, పైన ఒక కేక. అంతే. గొడ్డలి దిగడం ఎక్కడా లేదు, నెత్తురు లేదు, శవం లేదు. గొడ్డలిని గీసింది నేనే గానీ దించింది నువ్వే, ఎంత బలంగా దించాలో నిర్ణయించిందీ నువ్వే అని రచయిత పాఠకుడితో అంటాడు. దీనికి ఆమె మొదట ఎదురు తిరిగింది. తను ఎవరినీ చంపలేదని, రచయిత తన పనిని పాఠకుల మీదికి నెడుతున్నాడని రాసింది. ఒక పేరా తర్వాత ఆమే ఇంకో సంగతి గమనించింది: ఆ హత్య ఎలాంటి వీధిలో జరిగిందో, చచ్చినవాడు ఏ వైపు ఒరిగాడో తన కళ్లకు స్పష్టంగా కనబడింది. పుస్తకంలో అవేవీ లేవు.

కామిక్స్ కళ అనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. గడికీ గడికీ మధ్య వదిలే తెల్లటి సందును గట్టర్ అంటారు. కథ జరిగేది అక్కడే. సినిమాలోనూ బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీ ఉంటుంది, కానీ సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు పరుగెడుతుంటే దాన్ని కన్ను పట్టుకోలేదు. కామిక్స్ ఆ ఖాళీని దాచదు. పేజీ మీద బాహాటంగా పరిచి, ఇక్కడ ఏం జరిగిందో నువ్వే చెప్పుకో అంటుంది. ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరిగి చూడాలో పాఠకుడి ఇష్టం. బొమ్మలుంటే ఊహ చచ్చిపోతుందని చెప్పే పెద్దలు ఈ రెండు గడులను ఒక్కసారి చూడాలి.

ఆమె స్పందనలో నన్ను ఎక్కువగా కదిలించింది మూడో పేజీ. వరుస బొమ్మల చరిత్ర చెబుతూ మెక్‌క్లౌడ్ ఈజిప్టు సమాధి చిత్రాల దగ్గర, మెక్సికో ప్రాచీన చిత్రలిపి పుస్తకం దగ్గర, 1066 నాటి నార్మన్ దండయాత్రను కుట్టిన బాయూ వస్త్రం దగ్గర ఆగుతాడు. మరి మేమెక్కడ అని ఆమె అడిగింది. ఆమెది పద్మశాలి కుటుంబం. కులకథలు చెప్పే కూనపులి వారు ఊళ్లోకి వచ్చి, బొమ్మలు గీసిన గుడ్డ పటం విప్పి, రాత్రంతా మార్కండేయ పురాణం చెప్పేవారని ఆమె నాయనమ్మ ఇప్పటికీ తలుచుకుంటుందట. అది కామిక్స్ కాకపోతే మరేమిటి అన్నది ఆమె ప్రశ్న.

ఆ ప్రశ్నకు తెలుగు నేల మీద జవాబు పుష్కలంగా ఉంది. అమరావతి స్తూపం కంచె మీద క్రీ.శ. రెండో శతాబ్దంలో చెక్కిన ఒక ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. మదమెక్కిన నాలాగిరి ఏనుగు వీధిలో పడి మనుషులను తొక్కేస్తుంటుంది, మేడ కిటికీల నుంచి జనం చూస్తుంటారు. అదే వృత్తంలో అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు. దాని మదం ఏ క్షణాన దిగిందో శిల్పి చెక్కలేదు, చూసేవాడికి వదిలేశాడు. ఆ తర్వాతి కాలపు నాగార్జునకొండ శిల్పులు ఇంకో అడుగు వేశారు. పొడవాటి రాతి దూలాల మీద బుద్ధుడి కథలు వరుసగా చెక్కుతూ, దృశ్యానికీ దృశ్యానికీ మధ్య ఒక ఇరుకు గడిలో ఒక మిథునాన్ని నిలబెట్టారు. ఆ జంటకు కథతో సంబంధం లేదు. ఇక్కడితో ఒక ఘట్టం ముగిసింది, ఊపిరి పీల్చుకుని ముందుకు నడు అని చెప్పడమే వాళ్ల పని. గట్టర్‌ను ఇంత అందంగా చెక్కినవాళ్లు ప్రపంచంలో ఇంకెవరున్నారో నాకు చూపించండి.

ఇక ఈ పటాలకు పేరుపడ్డ చెరియాల. హైదరాబాద్ నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు, గంజి పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద నకాషీ చిత్రకారులు గజాల కొద్దీ పొడవున పురాణం గీసేవారు. అడ్డగడులుగా విభజించిన ఆ పటాన్ని కథకుడు ఒక్కో ఘట్టం మేరకు విప్పుతూ, కర్రతో చూపిస్తూ పాడేవాడు. గౌడులకు గౌడ పురాణం, మాదిగలకు డక్కలి వారు చెప్పే జాంబ పురాణం, పద్మశాలీలకు మార్కండేయ పురాణం. ప్రతి కులానికీ తన పుట్టుక కథ, తన పటం, తన కథకుడు. రాజుల కోసమో గుడి కోసమో గీసినవి కావివి. చేతిపని చేసుకు బతికే జనం ఈ లోకంలో తమ చోటు ఎక్కడో తాము చూసుకోవడానికి గీయించుకున్నవి.

మెక్‌క్లౌడ్‌తో నాకు భేదం వచ్చేది ఇక్కడే. ఆయన పాఠకుడు ఒంటరివాడు. పుస్తకం ముందు నిశ్శబ్దంగా కూర్చుని సందులను తనే పూరించుకుంటాడు. చెరియాల పటం ముందు కూర్చున్నవాళ్లు ఒక ఊరు. గడికీ గడికీ మధ్య ఖాళీని కథకుడి గొంతు కొంత, వాళ్ల జ్ఞాపకం కొంత, పక్కవాడి నవ్వు కొంత పూరించేవి. కథకుడు తప్పు చెబితే సభలో ఒక ముసలాయన ఆపేవాడు. ఖాళీని నింపే పని అందరిదీ కాబట్టి దాన్ని సరిదిద్దే హక్కు కూడా అందరికీ ఉండేది. ఈ తేడాను దయచేసి గుర్తుంచుకోండి.

ఆ పటాన్ని మనమేం చేశాం? దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ ఇవాళ శిల్పారామంలో కొనేది సాధారణంగా ఒక చిన్న ముక్క. ఒక్క దృశ్యానికి చెక్క ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తాం. రంగులు మిగిలాయి, గీత మిగిలింది, వరుస పోయింది. ఆ కుటుంబాలను నేను తప్పుపట్టను. కథ చెప్పించుకునేవాళ్లు లేనప్పుడు అరవై అడుగుల పటం ఎవరి కోసం గీస్తారు? ఒకే ఒక్క గడిని అలంకారంగా కొని తృప్తిపడే మన అభిరుచినే తప్పుపడుతున్నాను.

చందమామ ఉంది కదా అంటారు. 1947లో మొదలైన ఆ పత్రికలో శంకర్, చిత్ర, వడ్డాది పాపయ్య గీసినవి గొప్ప బొమ్మలు, సందేహం లేదు. అయితే అవి కథకు తోడుగా వచ్చిన బొమ్మలు. తీసేసినా కథ నిలబడుతుంది. కామిక్స్‌లో బొమ్మ తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. నిజమైన వరుస బొమ్మలు గీసినవాడు మనలో ఉన్నాడంటే అది బాపు. సినిమా తీసే ముందు షాట్లన్నీ గడులుగా గీసుకునే ఆయన అలవాటు పరిశ్రమలో అందరికీ తెలుసు. ఆ గడులను సినిమాకు ముడిసరుకుగానే చూశాం. మలయాళంలో అరవిందన్ 1961 నుంచి పన్నెండేళ్ల పాటు మాతృభూమి వారపత్రికలో ఒక నిరుద్యోగ యువకుడి జీవితాన్ని వరుస బొమ్మల్లో నడిపాడు. బెంగాల్‌లో కామిక్స్ గీసిన నారాయణ్ దేవ్‌నాథ్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. శివకాశి నుంచి తమిళ కామిక్స్ దశాబ్దాలుగా వస్తున్నాయి. తెలుగులో అలా సాగిన ఒక పరంపరను చూపించమంటే నాకు నోరు పెగలదు.

పదో తరగతి పిల్లవాడు తెలుగు పేరా ఒకటి తడుముకోకుండా చదవలేని రోజుల్లో బొమ్మల పుస్తకాలు పెడితే ఆ కాస్త చదువూ పోతుందని తెలుగు ఉపాధ్యాయులు కొందరు గట్టిగా వాదిస్తారు. వాళ్ల ఆవేదన నిజం. కానీ ఆ పిల్లవాడికి పదేళ్లుగా ఇచ్చినవి పేరాలే కదా? గలగల, ఫెళఫెళ, నకనక, బిక్కుబిక్కు, వెలవెల అంటూ చప్పుడుకే కాదు, ఆకలికీ భయానికీ పాలిపోయిన ముఖానికీ జంటమాటలు కట్టిన భాష ఇది. జపాన్ కామిక్స్‌కు ప్రాణం పోసినవి సరిగ్గా ఇలాంటి మాటలే. తెలుగును బతికించుకోవాలంటే ఇంతకంటే అనువైన చోటు నాకు కనబడదు.

ఇప్పుడు ఓటు వేసే పెద్దల సంగతికి వస్తాను. ఫోనులో రోజూ వచ్చే జంట ఫోటోలను గమనించండి. ఒక పక్క ఒక నాయకుడు నవ్వుతుంటాడు, ఇంకో పక్క బస్సు తగలబడుతుంటుంది. కింద ఒక్క మాట ఉండదు, ఉంటే "ఆలోచించండి" అని ఉంటుంది. రెండు ఫోటోలూ నిజమైనవే కావచ్చు. ఆయన నవ్వింది ఒక పెళ్లి పందిట్లో, బస్సు తగలబడింది ఇంకో ఏడాది ఇంకో ఊళ్లో. పక్కపక్కన పెట్టగానే మన మనసు ఆ సందులో ఒక వాక్యం రాసేస్తుంది. గడుల మధ్య సంబంధాలను మెక్‌క్లౌడ్ ఆరు రకాలుగా విడదీశాడు. ఆరో రకంలో రెండు బొమ్మలకూ అసలు పొంతనే ఉండదు. అయినా మనసు ఏదో ఒక ముడి వేయకుండా ఊరుకోదని ఆయన అంటాడు. ఈ సంగతి మన పార్టీల ప్రచార విభాగాలకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. వార్తా చానళ్లకూ తెలుసు. తెరను రెండుగా చీల్చి ఎడమన ఒక ముఖం, కుడిన ఒక సంఘటన పెట్టి అదేపనిగా తిప్పుతుంటాయి.

నిజ నిర్ధారణ చేసేవారు ఫోటో ఎక్కడిదో, ఎప్పటిదో తేల్చగలరు. సందులో ఉన్న అబద్ధాన్ని తేల్చలేరు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు. పరువు నష్టం దావా వేయడానికి వాక్యం లేదు, ఖండించడానికి ఆరోపణ లేదు. వాళ్లు గొడ్డలి ఎత్తి చూపించి పక్కకు తప్పుకున్నారు. దించింది మనం. పైగా ఎవరో చెప్పిన మాటనైతే అనుమానిస్తాం గానీ మనం అల్లుకున్న కథను అనుమానించం. పటం ముందు కూర్చున్న ఊరికి తప్పు చెబితే ఆపే ముసలాయన ఉండేవాడు. ఫోను ముందు మనిషి ఒంటరి.

ఈ విద్యను బడి నేర్పాలి. బడి చేస్తున్నది దానికి విరుద్ధం. ఒకటో తరగతి తెలుగు వాచకం నిండా బొమ్మలు. తరగతి పెరిగే కొద్దీ అవి తరిగిపోయి చివరికి కవి పరిచయం పక్కన ఒక చిన్న ముఖచిత్రం మిగులుతుంది. ఇంటర్ కోచింగులో గ్రాఫు తప్ప మరో గీత కనబడదు. బొమ్మలు చదవడం చిన్నతనమని పదేళ్లు నూరిపోసి, ఆ తర్వాత బొమ్మలతోనే సాగే రాజకీయంలోకి పిల్లలను పంపుతున్నాం. ఛోటా భీమ్‌ను తయారు చేసిన నగరమిది. యానిమేషన్ నేర్పే సంస్థలకు కొదవ లేదు. ఏం గీయాలో అక్కడ నేర్పుతారు. ఏం గీయకుండా వదలాలో, వదిలిన చోట చూసేవాడి మనసు ఏం చేస్తుందో నేర్పే తరగతి ఎక్కడుంది?

2014లో కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో నిక్ సౌసానిస్ తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసాన్ని పూర్తిగా కామిక్స్ రూపంలో సమర్పించాడు. మరుసటి ఏడాది హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని పుస్తకంగా వేసింది. మన దగ్గర సిద్ధాంత వ్యాసమంటే టైపు చేసిన పేజీలు. బొమ్మలకు అనుబంధంలో చోటిస్తారు. పీహెచ్‌డీ దాకా వెళ్లమని కూడా నేను అడగడం లేదు. హైదరాబాద్‌లోని తెలుగు శాఖలు, జర్నలిజం శాఖలు పాఠ్య ప్రణాళికను సవరించేటప్పుడు ఒక్క పేపరు చేర్చమంటున్నాను. అందులో అమరావతి ఏనుగు ఫలకం, ముక్కలు చేయని ఒక చెరియాల పటం, బాపు గీసుకున్న షాట్ల వరుస ఒకటి, గత ఎన్నికల్లో ఫోనుల్లో తిరిగిన జంట ఫోటోలు కొన్ని ఉండాలి. అన్ని పార్టీలవీ ఉండాలి. పరీక్షలో రెండు గడులు ఇచ్చి, వాటి మధ్య మీరు ఏం చేర్చారు, దేని ఆధారంగా చేర్చారు అని అడగాలి. ఈ పేపరును ఐచ్ఛికంగా పెడితే సరిపోదు, తప్పనిసరి చేయాలి.