సిగ్నల్‌ని దించేది పంపు కాదండీ

నరాల్లో సిగ్నల్ ఎలా వెళ్తుందన్న మీ వ్యాసం బాగుంది కానీ ఒక్క చోట ఆగిపోయాను. సిగ్నల్ వెళ్ళిన ప్రతిసారీ సోడియం-పొటాషియం పంపు (సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే ప్రోటీన్) ఒక్కటే నరాన్ని మళ్ళీ మామూలు స్థితికి తెస్తుందని రాశారు. డిగ్రీలో నేనూ ఇదే రాసి మార్కులు పోగొట్టుకున్నాను, అందుకే చెప్తున్నా.

మామూలుగా నరకణం లోపల వోల్టేజీ బయటికన్నా సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. కణం పొరలో సోడియం వెళ్ళే దారులు, అంటే సోడియం ఛానళ్ళు, తెరుచుకోగానే సోడియం లోపలికి దూకుతుంది, వోల్టేజీ ప్లస్ వైపుకి ఎగబాకుతుంది. మిల్లీసెకను గడిచేసరికే ఆ ఛానళ్ళు వాటంతటవే మూతపడతాయి. కాస్త ఆలస్యంగా తెరుచుకున్న పొటాషియం ఛానళ్ళలోంచి పొటాషియం బయటికి పోతుంది, వోల్టేజీ దిగుతుంది. 1952లో శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరంపోగు మీద చేసిన ప్రయోగాలతో చెప్పింది ఇదే. పంపు లోపలా బయటా సోడియం, పొటాషియం తేడాను నిలిపి ఉంచుతుందంతే, మేడమీద ట్యాంకు నింపే మోటారు లాంటిది. మోటారు ఆపేసినా ట్యాంకులో నీళ్ళున్నంతసేపూ కుళాయి వస్తుంది కదా!

ఇంకో తమాషా. సోడియం అయాను (విద్యుదావేశం ఉన్న పరమాణువు) పొటాషియం కన్నా చిన్నది, అయినా పొటాషియం ఛానల్లోంచి దాదాపు పోలేదు. అయాన్ల చుట్టూ నీటి అణువులు అంటుకుని ఉంటాయి. ఛానల్ ఇరుకులో ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియం కొలతకు అమరి ఆ నీటి బదులు పట్టుకుంటాయి. సోడియానికి ఆ చొక్కా వదులు, నీటిని వదిలి రాదు. 1998లో శాస్త్రవేత్త మెకినన్ బృందం పొటాషియం ఛానల్ ఆకారాన్నే చూపించింది.

మొన్న పన్ను పీకించుకున్నాక పెదవి మొద్దుబారి కాఫీ చొక్కా మీద కారిపోయింది. నొప్పి తెలియకుండా ఇచ్చిన ఆ లిడోకెయిన్ మత్తు ఇంజెక్షన్ అడ్డుకున్నది ఈ సోడియం ఛానళ్ళనే.