బల్ల మీది టోపీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బల్ల మీది టోపీ గారి సముఖమునకు,

డాలస్ శివార్లలో కాపురముంటున్న ఒక తెలుగువాడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దలు నేర్పిన మర్యాద కనుక ఆ మాట రాస్తున్నాను గానీ, కొన్నేళ్లుగా తమరి చుట్టూ నడుస్తున్న వ్యవహారం చూస్తుంటే తమరి కుశలం గురించి నాకు కొంచెం బెంగగానే ఉంది.

తమరెవరో ఎరగని మా వాళ్ల కోసం ముందుగా ఒక దృశ్యం చెప్పాలి. మా అబ్బాయి చదివే హైస్కూలు జిమ్‌లో ఆ మధ్య ఒక పొడుగాటి బల్ల వేసి, దాని మీద స్కూలు రంగు గుడ్డ పరిచి, నాలుగు విశ్వవిద్యాలయాల టోపీలను వరసగా పెట్టారు. కుర్రవాడు ఏ టోపీ పెట్టుకుంటే ఆ విశ్వవిద్యాలయం జట్టులో చేరుతున్నట్టు లోకానికి ప్రకటించడమన్నమాట. బల్ల వెనక ఒక ఫుట్‌బాల్ కుర్రవాడు కూర్చున్నాడు. మనం కాళ్లతో ఆడే బంతాట కాదు, తలకు హెల్మెట్ తగిలించుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. అతనికి ఒక పక్క తల్లి, ఇంకో పక్క చేతిలో కాగితం విసనకర్రతో అమ్మమ్మ. కుర్రవాడి చెయ్యి మొదటి టోపీ దాకా వెళ్లి, ఆగి, మూడో దాని మీదికి మళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. బెంచీల మీద పిల్లలు కేకలు పెట్టారు. చివరికి అతను రెండోదాన్ని తీసి నెత్తిన పెట్టుకున్నాడు. తమరి అంచు మీద మెరిసే గుండ్రటి స్టిక్కరు కూడా ఇంకా ఊడదీయలేదు. ఇంత ఉత్కంఠలోనూ నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. ఆ నిర్ణయం ఏమిటో అంతకు మూడు గంటల ముందే జిమ్‌లో కూర్చున్న ప్రతివాడి ఫోన్లోకీ వచ్చేసింది.

మా భాషలో "టోపీ పెట్టడం" అంటే ఒకణ్ణి నమ్మించి మోసం చేయడమని తమరికి ఎవరూ చెప్పి ఉండరు. తమరిని చూసినప్పుడల్లా ఇక్కడ ఎవరు ఎవరికి టోపీ పెడుతున్నారన్న సందేహం నాకు కలగడానికి కారణం ఆ నుడికారమే తప్ప, తమరి మీద నాకు వ్యక్తిగతంగా ఎలాంటి ద్వేషమూ లేదు.

తమరిని నేను మొదటిసారి చూసింది 2013 ఫిబ్రవరిలో. ఎమ్మెస్ చదవడానికి ఎఫ్-1 వీసా మీద వచ్చి, క్యాంపస్ డైనింగ్ హాల్లో వారానికి 20 గంటలు, గంటకు 7 డాలర్ల 25 సెంట్లకు అంట్లు తోముతున్న రోజులవి. పళ్లేల మీద చీజ్ గీకుతూ, గోడకున్న టీవీలో ఎవరో కుర్రవాడు తమరిని నెత్తిన పెట్టుకోవడం చూసి, ఇతనికి జీతం ఎంత ఇస్తారని పక్కనున్న అమెరికన్ విద్యార్థిని అడిగాను. అతను నన్ను జాలిగా చూసి, జీతమా, అతను "స్టూడెంట్ అథ్లెట్" కదా అన్నాడు. నా ఫీజు రసీదులో అథ్లెటిక్స్ ఫీజు అని ఒక పద్దు ఉంది, లక్షమంది పట్టే స్టేడియం శనివారం శనివారం నిండుతోంది, కోచ్ జీతం లక్షల డాలర్లలో ఉంది, ఆడేవాడికి మాత్రం ట్యూషన్, బస, భోజనం. ఆ భోజనానికి కూడా షరతులున్నాయి. భోజన వేళలు కానప్పుడు ఆటగాడికి బేగెల్ ఇవ్వవచ్చు గానీ దాని మీద క్రీమ్ చీజ్ రాసి ఇవ్వకూడదని కళాశాల క్రీడలను ఏలే ఎన్‌సీఏఏ అప్పట్లో నియమం పెట్టింది. ఇడ్లీ పెట్టండి, చట్నీ వేస్తే నేరం అన్నమాట.

"స్టూడెంట్ అథ్లెట్" అన్న ఆ మాట పుట్టుక కూడా తమరికి తెలిసి ఉండాలి. 1955లో రే డెనిసన్ అనే ఆటగాడు కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కళాశాల తరఫున ఆడుతూ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య కార్మికుడికి ఇచ్చే నష్టపరిహారం అడిగితే, కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు కనుక అది చెల్లదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి దావాల భయంతోనే ఎన్‌సీఏఏ తొలి అధిపతి వాల్టర్ బయర్స్ హయాంలో ఆ జంట పదాన్ని తయారుచేసి ప్రతి కాగితం మీదా అచ్చు వేయించారు. దీని ముందు ఇప్పటి మోసాలన్నీ పిల్లకాయ చేష్టలు.

తమరి కింద డబ్బు కనిపించడం 2021లో మొదలైంది. ఆ ఏడాది జూన్‌లో, ఆటగాళ్లకు చదువు పేరిట ఇచ్చే సాయానికి ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితుల మీద నడిచిన ఆల్స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఒకే మాట మీద ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు, జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ, పోలికలను అమ్ముకోవచ్చునని ఎన్‌సీఏఏ తలుపు తీసింది. దీన్నే ఎన్ఐఎల్ అంటారు. అప్పట్లో షరతు ఒక్కటే: డబ్బు ప్రకటనలో కనిపించినందుకు మాత్రమే ఇవ్వాలి గానీ, ఫలానా విశ్వవిద్యాలయంలో చేరినందుకు ఇవ్వకూడదు.

ఈ షరతు చదవగానే నాకు మా పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. "మాకు కట్నం అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అన్న మాట వినని తెలుగు ఇల్లు ఉంటుందా? ఆ మాట అన్నవారు కట్నం అడగలేదు, విన్నవారికి ఎంత పెట్టాలో తెలియకుండానూ పోలేదు. విశ్వవిద్యాలయాలూ సరిగ్గా ఇలాగే, తాము పైసా ఇవ్వకుండా, అభిమానులైన ధనవంతుల చేత "కలెక్టివ్" అనే మధ్యవర్తి సంస్థలు పెట్టించాయి. 2021 డిసెంబరులో టెక్సస్ విశ్వవిద్యాలయ అభిమానులు "పాన్‌కేక్ ఫ్యాక్టరీ" అన్న పథకం ప్రకటించి, స్కాలర్‌షిప్ మీదున్న ప్రతి అఫెన్సివ్ లైన్‌మన్‌కూ, అంటే ముందు వరసలో నిలబడి ప్రత్యర్థులను అడ్డుకునే ప్రతి భారీ ఆటగాడికీ, ఏడాదికి 50 వేల డాలర్లు ఇస్తామన్నారు. ప్రత్యర్థిని నేల మీద దిబ్బరొట్టెలా పరిచేయడాన్ని ఆ ఆటలో పాన్‌కేక్ అంటారు. డబ్బు దేనికని అడిగితే, దానధర్మ కార్యక్రమాలకు హాజరైనందుకు అన్నారు. మూడు వందల పౌండ్ల యువకుల్లో ఇంతటి దయాగుణం ఉందని అంతకుముందు ఎవరికీ తట్టలేదు. ఇలాంటి కలెక్టివ్‌లలో చాలావాటికి ధార్మిక సంస్థలకిచ్చే పన్ను మినహాయింపు వర్తించదని 2023లో ఆదాయపు పన్ను శాఖవారు అన్నారు. పన్నులవారికి హాస్యం తెలియదన్నది అబద్ధం.

న్యాయంగా చెప్పాలంటే, ఆ ఎన్ఐఎల్ నియమం ఏ ఉద్దేశంతో వచ్చిందో అలాగే నడిచిన బేరాలూ ఉన్నాయి. 2022లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చేరిన ఒక రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) పేరు డికోల్డెస్ట్ క్రాఫర్డ్. పేరులోనే చలి ఉంది. ఒమాహాలో ఒక ఏసీల కంపెనీవారు అతన్ని పెట్టి ప్రకటన తీశారు. పేరుకు డబ్బు ఇవ్వడమంటే ఇదీ. తక్కినవన్నీ పేరు చెప్పి ఇచ్చిన డబ్బులు.

మా డాలస్ పక్కనే సౌత్‌లేక్‌లో క్విన్ ఎవర్స్ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపించేవాడు, ఉండేవాడు. టెక్సస్‌లో హైస్కూలు పిల్లలు ఇలా సంపాదించడానికి వీల్లేదు కనుక, 2021లో చివరి ఏడాది ఆడకుండానే ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. 14 లక్షల డాలర్ల ఒప్పందం అని పత్రికలు రాశాయి. ఆ ఏడాది అతను మైదానంలో ఆడింది రెండే రెండు స్నాప్‌లు, అంటే బంతి చేతికొచ్చి ఆట కదిలింది రెండే సార్లు. డిసెంబరుకల్లా ఆ టోపీ తీసేసి టెక్సస్ టోపీ పెట్టుకున్నాడు. 2025 జనవరిలో మా పక్క ఊరు ఆర్లింగ్టన్‌లో జరిగిన సెమీఫైనల్లో అతన్ని పట్టి పడేసి, చేజారిన బంతితో 83 గజాలు పరిగెత్తి టెక్సస్ ఆశలకు నీళ్లొదిలినవాడు ఒహాయో స్టేట్ ఆటగాడు జాక్ సాయర్, అంటే ఆ కొద్ది నెలల కాపురంలో ఎవర్స్‌తో ఒకే గదిలో ఉన్న మిత్రుడు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ మాట్లాడుకోలేదు.

అయితే కుర్రవాళ్లు అందరికీ టోపీ పెడుతున్నారని కాలనీలో మిత్రులు అన్నప్పుడల్లా నేను జేడెన్ రషాడా పేరు చెబుతుంటాను. కాలిఫోర్నియాకు చెందిన ఈ క్వార్టర్‌బ్యాక్ మొదట మయామీకి మాటిచ్చి, 2022 నవంబరులో ఫ్లోరిడా వైపు మళ్లాడు. అతనికి ఒప్పుకున్న మొత్తం కోటీ 38 లక్షల 50 వేల డాలర్లు. డిసెంబరులో కలెక్టివ్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. అయినా అతను ఫ్లోరిడాలో చేరతానని సంతకం చేశాడు. జనవరిలో డబ్బూ లేదు, ఫ్లోరిడా కూడా లేదు. తరవాత అరిజోనా స్టేట్, ఆపైన జార్జియా, ఆపైన శాక్రమెంటో స్టేట్. 2024 మేలో అతను ఫ్లోరిడా కోచ్ మీదా, తదితరుల మీదా దావా వేశాడు. పందొమ్మిదేళ్ల పిల్లవాడు ఒక బల్ల ముందు ఎన్ని టోపీలు పెట్టుకున్నాడని కాదు, ఎంతమంది పెద్దలు అతని నెత్తిన పెట్టారన్నది లెక్క.

మాట మీద నిలబడడం లేదని వాపోయే కోచ్‌ల సంగతి కూడా తమరికి విన్నవించాలి. 2022 మేలో అలబామా కోచ్ నిక్ సేబన్, టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు తన ఆటగాళ్లందరినీ కొనుక్కుందని నిండు సభలో అన్నారు. అక్కడి కోచ్ జింబో ఫిషర్ మర్నాడే పత్రికలవారిని పిలిచి, ఆ మాట నీచమన్నారు. డబ్బు ఆటను పాడుచేస్తోందన్న చర్చ అప్పటి నుంచి ఆగలేదు. 2023 నవంబరులో అదే ఫిషర్‌ను ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు, ఇక పని చేయనక్కర లేదంటూ విశ్వవిద్యాలయం ఆయనకు బాకీపడిన మొత్తం ఏడున్నర కోట్ల డాలర్ల పైమాటే. దానితో ఎన్ని పాన్‌కేక్‌లు వస్తాయో తమరే లెక్క వేసుకోండి. ఈ సొమ్ము మాత్రం ఆటను పాడుచేయలేదట.

టెనెసీ విశ్వవిద్యాలయం కథ ఇంకా రుచిగా ఉంటుంది. నికో యమలేవా అనే క్వార్టర్‌బ్యాక్‌కు 80 లక్షల డాలర్ల దాకా ఒప్పందమని వార్త. దాని మీద ఎన్‌సీఏఏ విచారణకు దిగితే, టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కోర్టుకెక్కారు. చేరికకు ముందే బేరమాడుకోవద్దన్న నియమాన్ని 2024 ఫిబ్రవరిలో న్యాయమూర్తి నిలిపేశారు. కుర్రవాడి పక్షాన రాష్ట్ర ప్రభుత్వమే నిలబడిందని ఊరంతా పండగ చేసుకుంది. ఏడాది తిరిగేసరికి, 2025 ఏప్రిల్‌లో, ఆ కుర్రవాడే ఇంకొంచెం పెంచమని అడిగాడన్న వార్తల నడుమ ఒక రోజు సాధనకు రాలేదు. జట్టు కంటే ఎవరూ ఎక్కువ కాదన్నారు కోచ్. అతను కాలిఫోర్నియాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం టోపీ పెట్టుకున్నాడు. బేరం మనవైపు ఉన్నప్పుడు అది స్వేచ్ఛ, అవతలి వైపు పోతే దురాశ. మా ఊళ్లో కట్నాల విషయంలోనూ ఇదే సూత్రం.

ఇప్పుడు తమరి ఇంటిపేరుతోనే ఇంకొక క్యాప్ వచ్చింది. 2025 జూన్ 6న, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో రాజీకి కోర్టు ఆమోదం దొరికాక, విశ్వవిద్యాలయమే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచవచ్చు గానీ తొలి ఏడాది రెండు కోట్ల 5 లక్షల డాలర్ల పరిమితి దాటకూడదు. దీన్నే క్యాప్ అంటున్నారు. బయటి ఒప్పందాలు 600 డాలర్లు దాటితే ఒక గుమాస్తా వ్యవస్థకు చూపించి, నిజంగా వ్యాపారం కోసమే ఇస్తున్నారని నిరూపించాలట. అంటే పాన్‌కేక్ ఫ్యాక్టరీలో పాన్‌కేక్‌లు ఉన్నాయా లేవా అని తనిఖీ. నా అనుభవంలో, మనవాళ్లకు పరిమితి అంటే పక్కదారి వెతుక్కోమని వచ్చిన ఆహ్వానపత్రం.

ఇంత ధనవర్షంలోనూ తడవని వాళ్లు ఒకరున్నారు, వాళ్లను తలచుకుంటే నాకు బంధుప్రీతి పుడుతుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇక్కడ పంటర్లుగా, అంటే బంతిని కాలితో దూరంగా తన్నేవాళ్లుగా, ఆడే పిల్లలు నాలాగే ఎఫ్-1 వీసా మీద ఉంటారు. ఈ దేశంలో పేరు అమ్ముకోవడం వాళ్లకు పనిచేయడం కింద లెక్క. ఐయోవా పంటర్ టోరీ టేలర్ పేరుమీద చొక్కాలు అమ్ముడుపోతే ఆ సొమ్ము దానానికి పోయింది. ఆ మాటకొస్తే, మా ఊళ్లో ఎంసెట్ ర్యాంకు వచ్చిన పిల్లవాడి పేరు, బొమ్మ, నంబరు హోర్డింగుల మీద వేసి మర్నాటి అడ్మిషన్లు నింపుకునే కాలేజీలు ఇంతకాలంగా ఉన్నాయి. ఆ పిల్లలకు ఈ మూడక్షరాల ముక్క ఎవరూ వినిపించలేదు.

తమరికి చివరిగా చెప్పుకునేది ఏమంటే, ఫలానా విశ్వవిద్యాలయంలో చేరతామని 1964 నుంచి పిల్లలు సంతకం పెడుతూ వచ్చిన నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే కాగితాన్ని 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఉత్తరం పోయింది, తమరు మిగిలారు. సంతకం కంటే టోపీయే ఖచ్చితమని తేలింది కనుక, ఇకనుంచి తమరిని కుట్టించేటప్పుడు లోపలి పట్టీలో ధర, గడువు, చెల్లించవలసినవారి పేరు కూడా కుట్టించమని నా మనవి. నా దగ్గరా ఒక టోపీ ఉంది. 2013లో క్యాంపస్ దుకాణంలో 28 డాలర్లకు కొన్నాను, అంటే దాదాపు నాలుగు గంటల అంట్లు. దాన్ని నాకు ఎవరూ పెట్టలేదు.

ఇట్లు,
తమరి పాత అభిమాని

తా.క.: ఆ రోజు జిమ్‌లో జనం వెళ్లిపోయాక, బల్ల మీద మిగిలిన మూడు టోపీలనూ ఆ కుర్రవాడి తల్లి ఒకదానిలో ఒకటి దూర్చి జాగ్రత్తగా సంచిలో పెట్టుకోవడం చూశాను. స్టిక్కర్లు మాత్రం ఊడదీయలేదు.