బర్రెను చూసే కన్నుకు బహుమతి

ఊరికి ఏదన్నా చేద్దామని ప్రవాస సంఘాల్లో మాట వస్తే చాలు, పాల పోటీ పెడదామనో, పొట్టేళ్ల ప్రదర్శన పెడదామనో ఎవరో ఒకరు అంటారు. ఎక్కువ పాలిచ్చిన బర్రెకు కప్పు, దాని యజమానికి శాలువా. మంచిదే, కానీ అక్కడ గెలిచేది హర్యానా నుంచి ముర్రా జాతి బర్రెను కొని తెచ్చుకోగలిగిన ఇల్లు. మందలో నడక మారిన గొర్రెను ఇంత దూరం నుంచే పసిగట్టే కురుమల పిల్లకు ఆ పోటీలో చోటే లేదు. వరంగల్, జనగామ, కరీంనగర్ ఊళ్లకు డబ్బు పంపాలనుకునే వాళ్లకు మేం చెప్పేది ఇదీ: పశువులకు పోటీ ఆపి, పశువును చూసి తీర్పు చెప్పే పోటీ పిల్లలకు పెట్టండి.

పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో వ్యవసాయం, పశుపోషణ నేర్పే ఫోర్-హెచ్, ఎఫ్ఎఫ్ఏ అనే క్లబ్బుల పిల్లలు ఏళ్ల తరబడి చేస్తున్నదే. ఒకే జాతి, ఒకే వయసు పశువులు నాలుగింటిని నిలబెట్టి 1 నుంచి 4 వరకు నంబర్లు వేస్తారు. పిల్లలు మేలైనదాని నుంచి తక్కువదాని దాకా వరస పెట్టాలి. నాలుగు పశువులకు 24 వరసలు వస్తాయి. ఆ 24 కార్డు మీద అచ్చేసి ఉంటే ఒకదాని మీద టిక్కు పెట్టి ఇస్తారు.

మార్కులు 50కి. జడ్జి ముందే తన వరస రాసి, పక్కపక్క జతల మధ్య తేడా ఎంతో అంకెల్లో వేస్తాడు. వాటిని కోతలు అందాం. జడ్జి వరస 3-1-4-2, కోతలు 2, 5, 3 అనుకోండి. అంటే 3కు, 1కి పెద్ద తేడా లేదు, 1కి, 4కు మాత్రం చాలా ఉంది. ఒక పిల్లాడు 1-3-4-2 అని రాస్తే 2 పోయి 48 వస్తాయి. ఇంకొకరు 3-4-1-2 అంటే 5 పోయి 45. 4-3-1-2 అన్నవాళ్లకు 4ను 3 పైన పెట్టినందుకు 2, 5 కలిపి 7, 1 పైన పెట్టినందుకు 5, మొత్తం 12 పోతాయి, 38 మిగులుతాయి. పూర్తిగా తిరగేసి రాసినవాళ్లకు 15. మొదటి కోతను 3తో, నడిమిదాన్ని 4తో, చివరిదాన్ని 3తో హెచ్చవేసి కలిపితే 50 దాటకూడదు. దాటిందంటే తిరగేసి రాసిన పిల్లలకు సున్నా కంటే తక్కువ వస్తుంది. ఈ లెక్క జడ్జి వరస రాసిన వెంటనే సరిచూడాలి, పోటీ అయిపోయాక కాదు.

అసలు కష్టమంతా నాలుగు పశువుల్ని ఏరడంలో ఉంది. నాలుగూ ఒక్కతీరే ఉంటే పిల్లలు చీటీ తీసినట్టు రాస్తారు. నాలుగూ నాలుగు తీర్లయితే పదేళ్ల పిల్లలంతా 50 తెచ్చుకుంటారు. మంచి తరగతిలో, అంటే పోటీకి నిలబెట్టిన నాలుగు పశువుల్లో, ఒక చోట తేడా దూరం నుంచే కనబడాలి, ఒక జత దగ్గర మాత్రం ఆలోచన పడాలి. దక్కనీ గొర్రెను, నెల్లూరు రకాన్ని ఒకే తరగతిలో కలపొద్దు. ఒకటి ఉన్నిది, కరువుకు తట్టుకునేది, ఇంకోటి పొడుగు కాళ్లది, మాంసానికి పెంచేది. రెండింటికీ ఒకే కొలత పనికిరాదు. వయసు యజమాని నోటి మాట మీద కాకుండా పళ్లు చూసి నిర్ణయించాలి. పాల పళ్లు ఊడి వచ్చిన పెద్ద పళ్లు రెండంటే ఏడాది, ఏడాదిన్నర, నాలుగు పళ్లంటే రెండేళ్ల ప్రాంతం. పనిలో పనిగా దవడ కూడా చూడాలి. కింది పళ్లు పైచిగురుకు సరిగ్గా ఆనకుండా ముందుకో వెనక్కో పోతే ఆ గొర్రె పొట్టి గడ్డి కొరకలేదు.

గొర్రెల దగ్గర పిల్లలు మోసపోయేది బొచ్చుతో. బొచ్చు పెరిగిన నల్ల దక్కనీ గొర్రె బలంగానే కనబడుతుంది. వేళ్లు చదునుగా పెట్టి చివరి పక్కటెముక వెనక నడుము మీద నొక్కి చూస్తే వెన్నుపూస కత్తి అంచులా తగిలిందంటే లోపల బక్కదే. అందుకే గొర్రెల రింగులో, అంటే వాటిని నిలబెట్టి చూపించే చోట, చేత్తో తాకే సమయం తప్పకుండా ఇవ్వాలి. పొట్టేళ్లయితే రెండు వృషణాలు సమానంగా, గట్టిగా ఉన్నాయో లేదో చూడటం కూడా నేర్పాలి. సిగ్గని వదిలేస్తే ఆ తరగతి పెట్టి లాభం లేదు.

బర్రెల దగ్గర మోసం పొదుగుతో. ముందు రోజు సాయంత్రం పాలు పిండకుండా ఆపితే ఏ పొదుగైనా కుండలా కనబడుతుంది. అంగట్లో బర్రెను అమ్మేవాళ్లు చేసేది ఇదే. కాబట్టి నాలుగు బర్రెల్నీ ఒకే వేళకు, పొద్దున అయిదింటికి పిండాలి, ఎనిమిదింటికి రింగులోకి తేవాలి. ఇంకా మేలైన దారి ఏంటంటే, ఒక తరగతిలో పిండకముందు ఒకసారి, పిండాక ఒకసారి చూపించడం. పాల పొదుగు పిండగానే మెత్తగా ముడతలు పడుతుంది. కండ పొదుగు పిండినా అట్లనే గట్టిగా ఉంటుంది. ఈ ఒక్క తేడా కళ్లారా చూసిన పిల్లలు పెద్దయ్యాక బర్రె కొనేటప్పుడు నష్టపోరు. దుడ్డెను కూడా వెంట తెప్పించాలి, లేకుంటే చాలా బర్రెలు చేపవు.

40 మంది పిల్లలకు నాలుగు రింగులు చాలు, గుంపుకు పదిమంది. రింగుకు 12 నిమిషాలు: నాలుగు నిమిషాలు అయిదు మీటర్ల దూరంలో తాడు వెనక నుంచి, నాలుగు నిమిషాలు ముందు, వెనక భాగాలు, నడక చూడటానికి, నాలుగు నిమిషాలు దగ్గరగా. 16 పశువులు కావాలి, కుంటినా బెదిరినా మార్చడానికి ఇంకో రెండు. పశువులు అయిదారు కిలోమీటర్ల లోపలివే అయితే నయం, లారీ ఎక్కి దిగిన బర్రె ఆ పూట పాలు తగ్గిస్తుంది. యజమానులందరికీ ఒక రోజు పాల ఖరీదు సమానంగా ఇవ్వాలి. ఏ నంబరు ఎవరి పశువో మైకులో చెప్పొద్దు. నాలుగో స్థానం వచ్చిన బర్రె యజమానికి ఊళ్లో తలవంపు కాకూడదు. దిష్టి తగులుతుందని వెనకాడేవాళ్లుంటే కాలికి నల్లదారం ఉండనివ్వండి. మెడలో గంటలు, పట్టెడలు మాత్రం తీయించాలి, అవి మెడను, మూపును కప్పేస్తాయి.

సంక్రాంతికి వరంగల్ దగ్గర జరిగే ఐనవోలు మల్లన్న జాతరలోనే పెడదాం, గొల్ల కురుమలంతా వస్తారు కదా అనే మాట తప్పక వస్తుంది. వద్దు. ఆ డప్పుల మోతకు గొర్రెలు ఒక చోట నిలవవు, పిల్లల మాట జడ్జికి వినబడదు. సంక్రాంతి సెలవుల్లోనే ఇంకో రోజు, ఊరి బడి మైదానంలో, ఎండ ఎక్కకముందే ముగించాలి. నల్లతోలు బర్రెకు చెమట తక్కువ, ఎండలో గంట నిలబెడితే రొప్పుతుంది.

జడ్జి ఎవరనేది పెద్ద ప్రశ్న. మామునూరు పశువైద్య కళాశాల నుంచో, కోరుట్ల నుంచో డాక్టర్లను పిలవొచ్చు. కానీ గొర్రెల రింగులో ఒక పెద్ద కురుమను కూడా కూర్చోబెట్టాలి. ఇద్దరూ మాట్లాడుకుని ఒక్క వరసే ఇవ్వాలి, పిల్లలు రాకముందే కవరులో పెట్టి అంటించాలి.

సమయం చాలదని నిర్వాహకులు ముందుగా కోసేసేది కారణాలు చెప్పే భాగాన్ని. మా దృష్టిలో పోటీ అంటేనే అది. ప్రతి పిల్లా జడ్జి ముందు నిలబడి, కాగితం చూడకుండా, రెండు నిమిషాలు తన వరసకు కారణం చెప్పాలి. దానికి ఇంకో 50 మార్కులు. "మూడోది మంచిగుంది సార్" అనేది కారణం కాదు. ఇట్లా చెప్పాలి: "మూడో బర్రెను ఒకటోదాని మీద పెట్టిన. మూడోదాని పొదుగు పొట్ట కిందికి సాఫుగ కలిసింది, నాలుగు చన్నులు ఎడంగ, సమంగ ఉన్నయి. ఒకటోదానికి వెనక చన్నులు దగ్గర పడ్డయి. నడకల మాత్రం ఒకటోదే మేలు, ఒప్పుకుంటున్న." తక్కువదానిలోని మంచిని కూడా ఒప్పుకోవడం ఈ పద్ధతిలో భాగమే. ఇంటి భాషలో చెప్పినందుకు ఒక్క మార్కు కూడా తగ్గించొద్దు. వరస తప్పినా, చూసింది చూసినట్టు చెప్పిన పిల్లకు ఇక్కడ మంచి మార్కులు రావాలి. లేని గుణం ఉందన్నవాళ్లకు కోత వేయాలి. 40 మందికి రెండేసి నిమిషాలంటే ఒక్క జడ్జికి 80 నిమిషాలు. ఇద్దరు జడ్జీలుంటే పన్నెండు లోపు అయిపోతుంది.

డబ్బు పంపేవాళ్లు కప్పుల కంటే ముందు అడగాల్సింది టీకాల సంగతి. నోట్లో, గిట్టల్లో పుండ్లు లేపే గాలికుంటు జబ్బు బర్రెలకూ గొర్రెలకూ రెంటికీ అంటుతుంది, మైదానంలో ఒక్క పశువు నుంచి ఊరంతా పోగలదు. గాలికుంటు, గొర్రెలకు పీపీఆర్ (పారుడు రోగం) టీకాలు కనీసం మూడు వారాల ముందే వేయించి ఉండాలి, చెవి పోగు మీది 12 అంకెల నంబరు రాసుకోవాలి. గేటు దగ్గర పది లీటర్ల నీళ్లకు 400 గ్రాముల బట్టల సోడా కలిపిన తొట్టిలో గిట్టలు, చెప్పులు తడిపే ఏర్పాటుండాలి. ఆ మండలంలో ఎక్కడైనా గాలికుంటు కనబడితే పోటీ వాయిదా వేయాలి, విమానం టికెట్లు కొనుక్కుని ఎవరు వచ్చినా సరే. సంక్రాంతికి పెట్టాలంటే పశువుల ఏరివేత, టీకాల తేదీలు డిసెంబర్ మొదటి వారానికే తేలిపోవాలి. అంటే ఊరివాళ్లకు ఫోను చేయాల్సింది నవంబర్‌లో.