లాస్ ఏంజెలిస్‌లో రైలూ ఉంది
లాస్ ఏంజెలిస్‌లో కారు లేకపోతే కాళ్లు లేనట్టే అని చాలామంది అంటుంటారు. నేనూ అలాగే అనుకుని కల్వర్ సిటీ నుంచి డౌన్‌టౌన్‌కి ఏళ్ల తరబడి 10 ఫ్రీవే మీదే వెళ్లాను. సాయంత్రమైతే ముందున్న కార్ల ఎర్ర లైట్లు చూస్తూ బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోవడమే. విసుగొచ్చి వెనిస్ బులెవార్డ్‌లోకి దిగితే సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగాలి. ఇప్పుడు మెట్రో ‘ఇ’ లైన్ రైలు ఎక్కుతున్నాను. 2016లో ఈ లైన్‌ని సముద్రం ఒడ్డునున్న శాంటా మోనికా దాకా పొడిగించారు. 2023లో డౌన్‌టౌన్ కింద సొరంగం తెరిచాక డౌన్‌టౌన్‌లోని జపనీయుల పేట లిటిల్ టోక్యోకి కూడా రైలు మారక్కర్లేదు. టికెట్ 1.75 డాలర్లు. టికెట్ డబ్బులు వేసుకునే ట్యాప్ కార్డుంటే రెండు గంటల్లోపు బస్సు మారినా మళ్లీ కట్టక్కర్లేదు. నా బాధల్లా ఒకటే. డౌన్‌టౌన్‌కి వెళ్లేటప్పుడు యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) దాటాక, నిండా జనంతో ఉన్న రైలు కూడా కార్లతో పాటు ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగుతుంది. అక్కడ ముందు రైలుకి దారివ్వండి!